లక్ష్మీవారం నాడు బిర్యానీ

వానలు వెళ్ళాక బరంపురంలో ఏ ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచినా చెమ్మ వాసన గుప్పుమంటుంది. గోపాలపూర్ సముద్రం అంత దగ్గర్లో పెట్టుకుని ఇంకేం ఆశిస్తాం?

దీనికి మా పిన్ని మందు మొగలి రేకులు. వానాకాలంలో పువ్వు బజారుకి రాగానే కొని, రేకులు విడదీసి, నీడన కాస్త ఆరనిచ్చి పట్టుచీరల మడతల్లో పెడుతుంది. మా బాబాయి మందు కలరా ఉండలు. "నీ రేకులు వాసనకి తప్ప పురుగు చావడానికి పనికిరావే" అంటాడు. ఆ మాట తప్పేం కాదు. కలరా ఉండ కరిగి నీరవకుండా నేరుగా ఆవిరవుతుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి నిండితే పురుగు బతకదు. కాకపోతే నాలుగు ఉండలు గుడ్డలో మూటకట్టి మూల పెట్టాలి. మా బాబాయి పొలంలో వడ్లు చల్లినట్టు చల్లుతాడు. పట్టుచీరల బీరువా జోలికి పిన్ని రానివ్వదు గనక ఆయన రాజ్యమంతా రజాయిల పెట్టెలోనే.

మార్గశిరంలో ఓ బుధవారం సాయంత్రం ఇచ్ఛాపురం నుంచి వియ్యపురాలు బయల్దేరానని ఫోను చేసింది. పిన్ని పరుగున వెళ్ళి రజాయి తీసింది. తీసి, ముక్కు మూసుకుంది.

"ఆవిడ రాత్రంతా దీన్ని కప్పుకుని పడుకోవాలా?"

ఒక పూట ఎండా గాలీ తగిలితే సగం పోయే వాసనే. కానీ అప్పటికే పొద్దు వాలిపోయింది. "టెన్షన్ పడకు" అంటూ బాబాయి అత్తరు సీసా తెచ్చాడు. ఛత్రపూర్ వైపు మొగలి బట్టీ నడిపే స్నేహితుడిచ్చిన అసలు సరుకు. మన దేశంలో మొగలి అత్తరంటే ముందుగా చెప్పుకునేది ఈ గంజాం జిల్లానే, ఇక్కడి మొగలి పువ్వుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. అలాంటి సరుకు ఒక్క చుక్క దూదికి అద్ది మడతలో దోపితే చాలు. బాబాయి సీసా వంచేశాడు.

కలరా వాసన నిజంగానే అణిగింది. కానీ మొగలి పరిమళం పెట్టెల్లోనే ఉండదు కదా. దమ్ బిర్యానీ మూత తీసినప్పుడు ముందుగా ముక్కుకి తగిలేదీ అదే.

వియ్యపురాలు అలిసిపోయి వచ్చి, పడుకున్నదే తడవు నిద్రపోయింది. తెల్లవారుజామున లేచి కూర్చుని, గాలి పీల్చి, మెల్లగా వంటింట్లోకి తొంగిచూసింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఫ్రిజ్ తెరిచింది. పెరట్లోకి వెళ్ళి చూసొచ్చింది. పిన్ని లేచేసరికి గుమ్మంలో నిలబడి ఉంది.

"వదినగారూ, మార్గశిర లక్ష్మీవారం. మీ ఇంట్లో పట్టింపు లేదనుకుంటాను."

పిన్నికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏం జరిగిందో చెప్పేలోగా బాబాయి రజాయి భుజాన వేసుకుని, ఎండ తగలాలని మేడ మీదకి బయల్దేరాడు. దారంతా ఘుమఘుమ. పక్కింటి ఒడియా ఆవిడ వాకిట్లో బియ్యప్పిండితో లక్ష్మీ పాదాలు వేస్తోంది. వాళ్ళకీ ఆ రోజు మాణబసా అనే లక్ష్మీపూజ, ఇంట్లో నీచు వాసన రాకూడదు. తలెత్తి, "బిరియానీ కరుఛ కి? ఆజి గురుబార పరా!" అంది. ఈ రోజు గురువారం కదా, బిర్యానీ వండుతున్నారా అని. బాబాయి రజాయి చూపించాడు. ఆవిడకి అనుమానం ఇంకా పెరిగింది.

చివరికి వియ్యపురాలే మేడెక్కి, రజాయి అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఇంకోసారి చూసింది. ఇంకోసారి కూడా.

"వేరే దుప్పటి తీస్తాను వదినగారూ" అంది పిన్ని సిగ్గుతో చచ్చిపోతూ.

"ఎందుకమ్మా శ్రమ? నేను ఉపవాసం, పూజయ్యేదాకా దాన్ని నా కంటపడనీయకు. రాత్రికి మాత్రం ఇదే ఇయ్యి."