కౌగిలింతలు సరే, సంతకం ఎప్పుడు?

అమ్మ పుట్టిన ఊరు వెతుక్కుంటూ సిడ్నీ నుంచో షికాగో నుంచో గ్రీసుకు వెళ్ళేవాళ్ళ కథలు ఏటా వేసవి రాగానే కుప్పలుతెప్పలుగా వస్తాయి. కథ దాదాపు ఒకటే. ఊరి నడుమ పెద్ద చెట్టు, దాని కింద కాఫీ కొట్టు, నాలుగు కుర్చీల్లో నలుగురు ముసలివాళ్ళు. "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అని అడుగుతారు. తాత పేరు చెప్పగానే ఒకాయన లేచి ఎవరికో ఫోన్ చేస్తాడు. కాసేపట్లో పిన్ని వరసయ్యే పెద్దావిడ చెప్పులు టపటపలాడిస్తూ వచ్చి మెడకి చుట్టుకుపోతుంది. ఇంటికి తీసుకెళ్ళి గాజు పళ్ళెంలో చెంచాడు పాకం పండు, పక్కన గ్లాసుడు చల్లటి నీళ్ళు పెడుతుంది. ఏడుపులు, పాత ఆల్బమ్‌లు, సెల్ఫీలు.

చూసేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నా చూపు మాత్రం ఆ ఫొటోల్లో ఓ పక్కగా నిలబడ్డ మనిషి మీదకి పోతుంది. ఆ ఇంట్లోనే పుట్టి, అక్కడే ఉండిపోయిన మేనమామ కొడుకు. నవ్వుతూనే ఉంటాడు. లోపల మాత్రం ఒకటే టెన్షన్: వీళ్ళు ఊరికే చూసిపోదామని వచ్చారా, వాటా అడగడానికి వచ్చారా? ఆ అనుమానాన్ని పల్లెటూరి ఇరుకు బుద్ధి అని తీసిపారేసే రాతలు చాలా చదివాను. నేను అతని పక్షం. ఇన్నేళ్ళ తర్వాత ఊరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఆ ఇంటికి చేయగలిగిన అసలు మేలు ఒక్కటే. ఆస్తి కాగితాలు ముందేసుకుని కూర్చుని, ఏదో ఒకటి తేల్చి, సంతకం పెట్టి రావడం. మిగతాదంతా టూరిజమే.

ఊళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయన్నది తెలిసిన సంగతే. 1893లో గ్రీసు ప్రభుత్వం దివాలా తీసింది. అదే సమయంలో ఎండుద్రాక్ష ధర పడిపోయి, దేశానికి దక్షిణ కొసన ఉన్న పెలొపొనీస్ ప్రాంతపు రైతు నిండా మునిగాడు. మగపిల్లలు అమెరికా ఓడలెక్కారు. 1924లో అమెరికా తలుపులు మూసి, గ్రీకులకు ఏడాదికి వంద మంది అని కోటా పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం, దాని వెనకే 1949 దాకా సాగిన అంతర్యుద్ధం ఊళ్ళను ఊడ్చేశాక ఈసారి ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ. పెలొపొనీస్‌కి దక్షిణాన ఉన్న కితిరా దీవినే తీసుకోండి. ఇప్పుడు అక్కడ నాలుగు వేల మంది కూడా లేరు. అక్కడి నుంచి వెళ్ళినవాళ్ళ సంతానం ఆస్ట్రేలియాలో అంతకు ఎన్నో రెట్లు. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ చిన్న పట్నాల్లో ఒకప్పుడు మెయిన్ రోడ్డు మీద కెఫే అంటే చాలాచోట్ల కితిరా వాళ్ళదే. సిడ్నీకి పడమరన ఉన్న కటూంబాలో 1916లో మొదలైన 'పారగాన్' కెఫే పెట్టిందీ ఆ దీవి మనిషే. కితిరాకి 'చిన్న ఆస్ట్రేలియా' అన్న పేరు ఊరికే రాలేదు.

ఇక అసలు విషయం. ఆ కుర్రాళ్ళు వెళ్ళింది ఎవరి కోసం? చాలామంది చెల్లెళ్ళ కట్నం కోసం. అవును, కట్నమే. ఈ విషయంలో గ్రీసు పల్లె మనకి కొత్తగా ఏమీ అనిపించదు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు అయ్యేదాకా అన్నదమ్ములు పెళ్ళి మాట ఎత్తకూడదన్నది అక్కడి ఆనవాయితీ. పధ్నాలుగేళ్ళ పిల్లవాడు ఎక్కడో ఆస్ట్రేలియా పట్నంలో మేనమామ కెఫేలో ప్లేట్లు కడిగి పంపిన డబ్బుతో ఇక్కడ చెల్లెలికి ఇల్లు, నాలుగు ఆలివ్ చెట్లు, పెట్టె నిండా దుప్పట్లు అమరేవి. 1983 దాకా గ్రీసు చట్టం కట్నాన్ని తీసేయలేదు. అంటే ఈరోజు ఊళ్ళో ఉన్న ఇంటి పైకప్పులో పరాయి దేశం వెళ్ళినవాడి చెమట ఉంది. ఇది ఖాతాలో ఒక వైపు.

రెండో వైపు ఎవరూ ఫొటో తీయరు. గ్రీసులో చాలాచోట్ల సమాధి శాశ్వతం కాదు. పూడ్చిన కొన్నేళ్ళకి తవ్వి, ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, పేరు రాసిన పెట్టెలో సర్ది శ్మశానం పక్కనే ఉండే చిన్న గదిలో పెడతారు. అమ్మమ్మ సమాధి మీద పూలు పెడదామని వెళ్ళిన మనవరాలికి అక్కడ దొరికేది షూ పెట్టె కంటే కాస్త పెద్దదైన రేకు పెట్టె. ఆ ఎముకలు కడిగిందెవరు? మంచాన పడ్డప్పుడు చూసిందెవరు? చెట్లకి కొమ్మలు కత్తిరించి, కూలిన రాతిగోడ మళ్ళీ పేర్చి, 2014 నుంచి ఏటా కొత్త ఆస్తి పన్ను నోటీసులు వస్తుంటే వాటితో తంటాలు పడుతున్నదెవరు? ఉండిపోయినవాళ్ళు. నవ్వుతూ గుమ్మం దగ్గర నిలబడ్డాడే, అతను.

"చుట్టరికాన్ని ఆస్తితో ముడిపెడతారా?" అని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళకి ఒక మాట. చుట్టరికం ఇన్నాళ్ళు నిలిచిందే ఆస్తి కాగితాల్లో. గ్రీసులో వంశం వెతికేవాళ్ళు ముందు పట్టుకునేది ఊరి మగవాళ్ళ రిజిస్టర్. సైన్యంలోకి పిలవడానికి రాసుకున్నది కాబట్టి అందులో ఆడపేరు ఉండదు. పైగా పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు పెట్టాలన్న ఆచారం వల్ల ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే ఈడు యోర్గోస్‌లు నలుగురు తేలతారు. కితిరాలో ఉన్నవే కొద్ది ఇంటిపేర్లు. అందుకే ప్రతి కుటుంబానికీ ఒక ఎగతాళి పేరు ఉంటుంది, అది తెలిస్తేగానీ ఎవరి తాలూకో తేలదు. మరి ముత్తవ్వ పేరు ఎక్కడ దొరుకుతుంది? నోటరీ రాసిన కట్నం ఒప్పందంలో. ఫలానావారి కూతురు ఫలానాకి ఇన్ని రాగి పాత్రలు, ఇన్ని నేత దుప్పట్లు, వాగు పక్క చెక్కలో ఇన్ని చెట్లు అని వరసగా రాసి, సరిహద్దుల్లో పక్క పొలం వాళ్ళ పేర్లతో సహా. కితిరాలో వెనీస్ పాలన నాటి నోటరీ దస్తావేజులు కూడా భద్రంగా ఉన్నాయి. ఆవిడ ఒకప్పుడు బతికి ఉందనడానికి చాలాసార్లు ఆ జాబితాయే సాక్ష్యం. డీఎన్‌ఏ కిట్‌కి వేలు తగలేసేవాళ్ళు ఒక పూట ఆ దస్తావేజుల దగ్గర కూర్చోవడం మేలు.

ఇప్పుడు చిక్కుముడి సంగతి. గ్రీసు చట్టం ప్రకారం వీలునామా లేకపోతే పిల్లలందరికీ, ఆడా మగా తేడా లేకుండా, సమాన వాటా. మంచిదే. కానీ పంపకాలు చేసుకోకుండా మూడు తరాలు గడిస్తే? తాతకి అయిదుగురు పిల్లలు, వాళ్ళకి ముగ్గురేసి, వాళ్ళకి ఇద్దరేసి అనుకోండి, రెండు గదుల రాతి ఇంటికి ముప్ఫై మంది యజమానులు. పది మంది మెల్‌బోర్న్‌లో, ఆరుగురు టొరంటోలో, ఇద్దరి జాడే లేదు. ఆ ఇంటిని మొత్తంగా అమ్మాలంటే అందరూ కలిసి రావాలి, లేదా కోర్టుకెక్కాలి. పైకప్పు కూలితే బాగుచేయించడానికి ఎవరూ చేయి పెట్టరు, 'మనకెందుకు, రేపు ఎవడొచ్చి అడుగుతాడో' అని. గ్రీసు ఊళ్ళలో కప్పు కూలిన ఇళ్ళన్నీ పేదరికం వల్ల కూలలేదు. చాలా వాటిని కూల్చింది రాని సంతకాలు.

పైగా ఏ చెక్క ఎవరిదో నేల వారీగా రాసిన రికార్డు ఆ దేశానికి చాలాకాలం లేదు. పాత రిజిస్ట్రీ మనిషి పేరు మీద నడిచేది, సర్వే నంబరు మీద కాదు. దేశమంతా కొలిచి రాయాలని చట్టం తెచ్చింది 1995లో, ఆ పని దశాబ్దాలు సాగింది. గడువులోగా ఎవరూ తమదని చెప్పకపోతే ఆ నేల 'యజమాని తెలియదు' అన్న పద్దులోకి పోతుంది, ఆఖరికి సర్కారుకి చేరుతుంది. ఒక్క కితిరా, పక్కనున్న అంతికితిరాల్లో మాత్రం అలా కాదు. అక్కడ దిక్కులేని భూమి దీవి ప్రజల ఉమ్మడి ఆస్తి, దాన్ని చూసుకోడానికి స్థానిక కమిటీ ఉంది. నన్నడిగితే ప్రతి ఊరికీ అలాంటిది ఉండాలి. 'వద్దు' అని వదులుకోవడానికీ లెక్క ఉంది. వారసులకి నాలుగు నెలలు, పరదేశంలో ఉన్నవాళ్ళకి ఏడాది. ఆ గడువు దాటితే వద్దన్నా వారసులే. 2010 తర్వాతి ఆర్థిక సంక్షోభంలో పన్నులకీ అప్పులకీ భయపడి తాతల ఆస్తి మాకొద్దని రాసిచ్చినవాళ్ళు తక్కువేం కాదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అబద్ధం కూడా కాదు. మేం వచ్చింది అమ్మ జ్ఞాపకం కోసం, చెట్ల కోసం కాదంటారు. ఆ గోడలో మా వాటా పదో వంతే అయినా, ఆ ఊరికీ మాకూ మిగిలిన దారం అదొక్కటే, దాన్నీ తెంపుకోమంటారా అంటారు. ఊళ్ళో ఉన్నవాళ్ళేమీ ధర్మరాజులు కారనీ, ఇరవై ఏళ్ళ స్వాధీనం చూపించి అన్నదమ్ముల వాటా తమ పేర రాయించుకున్నవాళ్ళు ఉన్నారనీ అంటారు. ఒప్పుకుంటాను. సంతకం అంటే వదులుకోమని కాదు నా ఉద్దేశం. ఉంచుకోండి, కానీ పన్ను కట్టండి, కప్పు వేయించండి. లేదా అమ్మండి, లేదా ఇవ్వండి. "నాకేమీ వద్దురా అన్నయ్యా" అని ఏడ్చి, కాగితం మీద మాత్రం ఏమీ రాయకుండా విమానం ఎక్కేయడం దేనికిందకి వస్తుంది?

ఇదంతా గ్రీసు గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళు తాళం వేసిన కోనసీమ ఇళ్ళను ఒకసారి తలుచుకోండి. ఉత్తరాంధ్ర నుంచి 1860 తర్వాత కూలి ఒప్పందాల మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కీ, తర్వాత ఫిజీకీ వెళ్ళినవాళ్ళ మనవలు ఇప్పుడు ఓడ కాగితంలో రాసిన ఊరి పేరు పట్టుకుని వస్తే ఎవరికీ భయం లేదు, ఎందుకంటే పంచుకోడానికి ఏమీ మిగల్లేదు. డల్లాస్ నుంచి వచ్చే మనవడి సంగతి అలా కాదు. అతని పేర నాలుగెకరాలు ఉంటుంది, దున్నేది ఇంకొకరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకి కార్డు ఇస్తానంది. ఆ కార్డు ఉంటేనే పంట రుణం, బీమా, పెట్టుబడి సాయం అడగడానికి వీలు. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూ యజమాని సంతకం. అంతే, అక్కడే ఆగిపోయింది. ఒక్క సంతకం పెడితే భూమి పోతుందేమోనని అమెరికాలో ఉన్నాయనకి గుబులు. సంతకం లేదు కాబట్టి తుపానుకి వరి పడిపోతే ఇక్కడున్నాయనకి పరిహారం లేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఈ గొడవే లేకుండా చేసింది. పాసుపుస్తకం ఎవరి పేర ఉంటే వాళ్ళ ఖాతాలో డబ్బు, కౌలు రైతుకి సున్నా. ఎక్కడో ఉన్న యజమానికి సొంత ఊరి మీద ఎంత ప్రేమ ఉందో కొలవడానికి ప్రభుత్వాల దగ్గర ఒకే కొలబద్ద ఉంది, అది అతను పంపే డబ్బు. గుడికి గోపురం కట్టిస్తే శిలాఫలకం, బడికి బెంచీలిస్తే సన్మానం. కౌలు కాగితం మీద సంతకం పెట్టినందుకు ఎవరికైనా శాలువా కప్పగా చూశారా?

గ్రీసూ తక్కువేం తినలేదు. బయటి గ్రీకులకి విదేశం నుంచే ఓటు వేసే వీలు 2019 చట్టంతో ఇచ్చింది. 2021 జనాభా లెక్కల్లో దేశం కోటీ అయిదు లక్షలకి దిగువన తేలింది, పదేళ్ళలో మూడు లక్షల పైచిలుకు తగ్గుదల. ఖాళీ అవుతున్న ఊళ్ళకి పరదేశపు మనవలు ఆగస్టులో వచ్చి పది రోజులు సందడి చేయడమే పరిష్కారమన్నట్టు ప్రచారం నడుస్తోంది.

ఆ ఆగస్టుతోనే చిక్కు. 15న మాత మరియ పండగ, ఊరంతా బల్లలు వేసి తిండి, పాట, తెల్లారేదాకా ఆట. అందరూ అప్పుడే వెళ్తారు. ఆఫీసుల్లో మనుషులుండరు, నోటరీ తనే సెలవు పెట్టి తన ఊరికి పోయి ఉంటారు. టికెట్ నవంబరుకి తీసుకోండి. చెట్ల కింద వలలు పరిచి ఆలివ్ కాయలు రాల్చే రోజులు. నూనె మిల్లు ముందు సంచులు వరసలో ఉంటాయి. మీ అమ్మ వాటా చెట్ల కాయ ఎవరు కోస్తున్నారో, ఆ నడుములు ఎలా ఉన్నాయో అప్పుడు కనబడుతుంది. నోటరీ కూడా దొరుకుతారు.