పుస్తకాలన్నీ క్షేమం

ఊళ్లో గ్రంథాలయం మూలపడిందనీ, అక్కడికి ఎవరూ పోరనీ, పోయినవాళ్లు కూడా ఫ్యాను కిందికే పోతారనీ కొందరు పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారు. ఇది గిట్టనివాళ్ల మాట. నిజం నలుగురికీ తెలియాలి గనక, కర్నూలు జిల్లాలోని మా ఊరి శాఖా గ్రంథాలయంలో గడిచిన నవంబరు నెలలో ఏమేం జరిగాయో, ఏ కొత్త పుస్తకాలు చేరాయో, ఎవరెవరు ఏం చదివారో ఒక బాధ్యతగల పౌరుడిగా ప్రజల ముందు పెడుతున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ‘మాదేం తక్కువా?’ అని పోటీకొస్తారు.

నవంబరే ఎందుకంటే గ్రంథాలయానికి పండగ నెల అదే. మిగతా నెలల్లో అది మామూలుగా తెరుచుకుంటుంది, మామూలుగా మూసుకుంటుంది, శుక్రవారం సెలవు తీసుకుంటుంది. జూన్‌లో కాస్త వెలితిగా ఉంటుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు ఏరడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. మా పాఠకులూ అటే పోతారు. ఆ రోజుల్లోనే ఒకాయన కౌంటరు దగ్గరికొచ్చి, మామూలు రాయికీ వజ్రానికీ తేడా చెప్పే పుస్తకమేదైనా ఉందా అని అడిగాడు. అటెండరు తలెత్తి చూసి, ‘‘అట్లాంటి పుస్తకముంటే నేనీడ ఎందుకు కూసోనుంటా సామీ?’’ అన్నాడు. ఇంత సూటిగా, ఇంత తక్కువ సమయంలో పాఠకుడి సందేహం తీర్చిన గ్రంథాలయ సిబ్బందిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ముందు డబ్బు సంగతి. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. వెయ్యి రూపాయలు పన్ను కట్టే ఇంటి నుంచి 80 రూపాయలు పుస్తకాలకు పోతాయన్నమాట. పంచాయతీలు, మున్సిపాలిటీలు దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వసూలు చేయడంలో స్థానిక సంస్థలు ఎన్నడూ అలసత్వం చూపలేదు. జమచేయడం దగ్గరే బకాయిలు పేరుకుంటాయని వార్తలొస్తుంటాయి. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. అరువు తెచ్చుకున్న పుస్తకాన్ని తిరిగివ్వకపోవడం పాఠకులకు తరతరాల అలవాటు. ఆ అలవాటు సంస్థలకు కూడా అబ్బిందంటే గ్రంథాలయోద్యమం ఎంత లోతుకు పోయిందో అర్థం చేసుకోవాలి.

ఈ సెస్సు విషయం మా పక్కింటాయనకు చెబితే ఉలిక్కిపడ్డాడు. ‘‘నేనా? లైబ్రరీకా? ఎప్పుడు?’’ అని, ఏదో కేసులో పేరు ఇరికించినట్టు కంగారుపడ్డాడు. రసీదు తెచ్చి చూపిస్తే తప్ప నమ్మలేదు. నమ్మాక, ఇన్నేళ్లూ కట్టినదానికి ఇప్పుడేమైనా వెనక్కిస్తారా అని అడిగాడు. ఆ రసీదు వెనక వైపంతా ఖాళీగా ఉండటం అప్పుడే నా కంట పడింది. అక్కడ ప్రతి ఏడూ ఒక పద్యమో ఒక చిన్న కథో అచ్చేస్తే, ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక కొత్త సాహిత్యం చేరినట్టవుతుంది. దాచుకోక తప్పదు గనక పోగొట్టుకోరు కూడా. ఈ సూచనను పైవాళ్లకు ఉచితంగా ఇస్తున్నాను.

ఇక చదువు. పొద్దున గేటు తీయకముందే నలుగురైదుగురు పెద్దమనుషులు బయట నిలబడి ఉంటారు. అందరూ రిటైరైనవాళ్లు, ఇంటికి పేపరు వేయించుకునేవాళ్లే. అయినా ఇంటి పేపర్లో లేనిది ఒకటి ఇక్కడి పేపర్లో ఉంటుంది. పక్కవాడు. తలుపు తీసిన నిమిషానికి పేపరు ముక్కలవుతుంది. మెయిన్ ఒకరికి, జిల్లా పేజీలు ఒకరికి, ఆటల పేజీ ఇంకొకరికి. ఆలస్యంగా వచ్చినాయనకు టెండరు ప్రకటనలు దక్కుతాయి, ఆయన వాటినీ వదలకుండా చదివి ‘‘ఈ రోడ్డు పోయినేడే ఏసినారు కదప్పా’’ అని నిట్టూరుస్తాడు. ఒకాయన పేపరు నిలువునా పట్టుకుని మొదటి పేజీ చదువుతుంటే, ఎదురుగా కూర్చున్నాయన దాని వెనక పేజీ చదువుతాడు. ముందాయన తిప్పబోతే ‘‘ఉండప్పా, ఇంకా రెండు లైన్లుండాయి’’ అంటాడు.

రెండు దిక్కుల నుంచి చదవడం మా జిల్లాకు కొత్తేం కాదు. ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడు చెక్కించిన శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటి రాత అది. బండ మీద చెక్కించడంలో చక్రవర్తి ముందుచూపు గమనించండి. ఇంటికి పట్టుకుపోవడానికి లేదు, పేజీ చింపడానికి లేదు, పకోడీ పొట్లం కట్టడానికి లేదు.

గళ్లు నింపడానికి అసలే లేదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ‘పదకేళి గళ్లు నింపరాదు’ అని మా గ్రంథాలయం గోడ మీద బోర్డు ఉంది. సరిగ్గా దాని కిందే కూర్చుని ఒక మాజీ హెడ్‌మాస్టరు అడ్డం ఆధారాలు పెన్నుతో నింపుతారు. నిలువు ఆధారాలు వేరే ఆయనవి. స్థలం తగాదాలో ఇద్దరికీ ఎప్పుడో మాటలు పోయాయి. కానీ ఒకరి అక్షరం మీద ఇంకొకరు ఆధారపడక తప్పదు. నిలువు ఆరు తప్పు పడితే అడ్డం తొమ్మిది ఆయన ఆ రోజంతా ముఖం మాడ్చుకుని ఉంటారు. కళ్లజోడు తీసి, తుడిచి, ఆ గడి కేసి చూసి, పక్కనే ఉన్న మనిషిని కాకుండా కిటికీని ఉద్దేశించి, ‘‘దీర్ఘం ఉండాల’’ అంటారు. కాసేపటికి ఆ కుర్చీలోంచి పెన్ను ముందుకొచ్చి దీర్ఘం పెట్టి పోతుంది.

నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. మొదటి రోజు పొద్దున్నే ఫ్లెక్సీ కట్టారు. గ్రంథాలయోద్యమాన్ని ముందుండి నడిపించినవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. 1883లో కర్నూలులో పుట్టిన మనిషి. 1908లో పత్రికలో వచ్చిన రాతలకు జైలుకు పోయారు. ఆయన బొమ్మ కూడా ఫ్లెక్సీలో ఉంది. కుడివైపు కింద మూలన, పోస్టల్ స్టాంపంత సైజులో, సరిగ్గా తాడు కట్టే రంధ్రం పక్కన. రాసినందుకు జైలుకు పోయిన మనిషికి, చదవకపోయినా ఎవరూ ఎవర్నీ ఏమీ అనని కాలంలో అంత చోటు దొరకడం కూడా తక్కువేం కాదు. మిగతా జాగా ఎవరిదో మీకు తెలుసు. నమస్కారం పెడుతూ ఉంటారు.

పుస్తక ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. బీరువాల్లోంచి పుస్తకాలు తీసి, దుమ్ము దులిపి, తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద పేర్చి, ముందు అడ్డంగా తాడు కట్టి, ‘తాకరాదు’ అని అట్ట తగిలించారు. బడిపిల్లలు వరసగా ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి పోయారు. ఒక్క చిన్నపిల్ల మాత్రం తాడు కింది నుంచి చెయ్యి పెట్టి బొమ్మల పుస్తకమొకటి తెరిచింది. వారోత్సవాల మొత్తంలో జరిగిన పుస్తక పఠనం అదొక్కటే గనక రికార్డు కోసం రాస్తున్నాను. అది కూడా ఒక పేజీ పూర్తికాకముందే ‘‘ఏయ్, లైనూ!’’ అన్న కేకతో ముగిసింది. సాయంత్రానికి లెక్క సరిచూసి పుస్తకాలన్నీ మళ్లీ లోపల పెట్టి తాళం వేశారు. ఒక్కటి కూడా పోలేదు.

పోటీలకు కొదవ లేదు. ‘పుస్తక పఠనం వల్ల లాభాలు’ అన్న అంశం మీద వ్యాసరచన పెడితే అందరు పిల్లలూ ఒకే ఆరు లాభాలు, ఒకే వరసలో రాశారు. ముగ్గుల పోటీలో గెలిచినామె ముగ్గుతో తెరిచిన పుస్తకం వేసింది. నెల మొత్తంలో నేను చూసిన తెరిచిన పుస్తకాల్లో అందమైనది అదే, వాన పడేదాకా ఉంది. బహుమతులు స్టీలు డబ్బాలు, మొదటి బహుమతి టిఫిన్ క్యారియరు. పుస్తకమే ఇవ్వచ్చు కదా అని నిర్వాహకుడి చెవిలో అంటే, ఆయన నా వైపు జాలిగా చూసి, ‘‘గెలిచిన పిల్లోనికి శిక్షెందుకు సార్?’’ అన్నాడు.

ముగింపు సభలో వేదిక మీది పెద్దలందరూ చిన్నప్పుడు వీధి దీపాల కింద చదువుకున్నవాళ్లే. అందరి మాటా నమ్మితే ఆ రోజుల్లో మా ఊళ్లో కరెంటు స్తంభాలకన్నా ప్రముఖులే ఎక్కువ. ఒక్క వక్త మాత్రం నిజంగానే చదువుకొచ్చాడు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగిందనీ, అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించాడనీ, 1935లో కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారనీ చెప్పాడు. మనకూ కేసీ (కర్నూలు-కడప) కాలువ ఉంది కదా, ఒకప్పుడు అందులోనూ పడవలు నడవాలనే తవ్వారు కదా, మనమెందుకు చేయకూడదని సభను నిలదీశాడు. దానికి వెనక బెంచీ నుంచి ‘‘నీళ్లిడిస్తే చూస్తాంలే’’ అని ఒక రైతు జవాబు చెప్పాడు. సభలో నిజమైన చప్పట్లు దానికే పడ్డాయి.

కొత్త పుస్తకాల సంగతికొస్తే, ఆ నెల రెండు కట్టలు దిగాయి. విప్పి చూస్తే ఉప్పునీటి రొయ్యల పెంపకం మీద నాలుగు కాపీలు ఉన్నాయి. మా ఊరికి సముద్రం చాలా దూరం. తుంగభద్రలో కూడా మేం అడిగినప్పుడల్లా నీళ్లుండవు. అయినా పుస్తకం వచ్చేసింది గనక ఇక సముద్రం రావడమే తరువాయి. జీవితంలో పైకి రావడమెలాగో చెప్పే పుస్తకాలు ఎక్కువే వచ్చాయి, వాటిని కింది అరలో పెట్టారు. మూడు భాగాల నవల ఒకదాని రెండో భాగం వచ్చింది. మొదటిది రావాలి, మూడోది ఎక్కడుందో. కథ మధ్యలో మొదలై మధ్యలో ఆగిపోవడం జీవితానికి దగ్గరగా ఉంటుందని మా సాహితీ మిత్రుడొకడు సమర్థించాడు.

పాతవాటిలో ఒక నవల అడిగి తీయించాను. వెనక అట్ట లోపల అతికించిన తేదీ చీటీ మీద చివరి ముద్ర, రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులది. ఆ ముద్ర కింద గీతలన్నీ ఖాళీ. గ్రంథాలయాల్లో అంశాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ లెక్కలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఆ అంకె వేసిన చీటీ పుస్తకం వీపు మీంచి ఊడి నేల మీద పడింది. అటెండరు వంగి తీసి ఏ పుస్తకానిదో తెలియక కిటికీ చువ్వకు అంటించాడు. ప్రస్తుతానికి మా దగ్గర తెలుగు సాహిత్యం అక్కడుంది.

గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు ప్రకటించాడు. లెక్కల మాస్టారుగా మొదలైన మనిషి గనక సూత్రాలు పెట్టకుండా ఉండలేడు. ఆయన రెండో సూత్రం ‘ప్రతి పాఠకుడికీ తన పుస్తకం’. దీన్ని మా గ్రంథాలయమంత కచ్చితంగా పాటించే చోటు ఇంకోటి ఉండదు. ఇక్కడ ప్రతి పాఠకుడూ తన పుస్తకం తానే ఇంటి నుంచి తెచ్చుకుంటాడు.

వీళ్లు గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు. లోపల బల్లలు నిండితే వరండాలో, వరండా నిండితే వేపచెట్టు కింద. కొందరు కుర్చీలు కూడా ఇళ్ల నుంచే తెచ్చి, కాళ్లకు పేరు రాసిన గుడ్డముక్కలు కట్టారు. కుర్చీ మీద కర్చీఫు ఉంటే మనిషి టీకి పోయాడని, నీళ్ల సీసా ఉంటే భోజనానికి పోయాడని, పుస్తకమే ఉంటే ఊరికి పోయాడని లెక్క. నల్లగా మసకబారిన జిరాక్సు నోట్సులో ఒకే పేజీ మీద మూడు రంగుల గీతలుంటాయి. మూడుసార్లు పరీక్ష రాశారని వాటి అర్థం. పేపరు చదివే పెద్దలకు వీళ్లంటే పడదు. లైబ్రరీని కోచింగ్ సెంటర్ చేశారని వాళ్ల బాధ. లైబ్రరీకొచ్చి చదవడమేమిటన్నది ఆ బాధలోని అసలు ప్రశ్న, పైకి అనరు.

ఒక సాయంత్రం చెట్టు కింద ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు అడుగుకుంటున్నారు. ఒకామె కళ్లు మూసుకుని కూర్చుంది. 

‘‘పదహారో అధికరణ?’’

‘‘ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం.’’

‘‘కరెక్టు. పోస్టులెన్ని?’’

‘‘అది సిలబస్‌లో లేదు పాపా.’’

వీళ్ల వల్లే మా గ్రంథాలయంలో హాజరు నిండుగా ఉంది. ఇక్కడొక చిక్కుంది. ఉద్యోగం వచ్చిన పిల్లలు మళ్లీ ఈ గడప తొక్కరు. నోటిఫికేషన్లు వెంట వెంటనే ఇచ్చి, పరీక్షలు చెప్పిన తేదీకే పెట్టి, పోస్టులన్నీ నింపేస్తే ఈ కుర్చీలన్నీ ఏడాదిలో ఇళ్లకు పోతాయి. ఏ పార్టీ ప్రభుత్వమొచ్చినా నియామకాలను ఆలస్యం చేయడాన్ని తొందరపడి తిట్టిపోసేవాళ్లు, అది చదువరుల సంఖ్యను కాపాడటానికి చేస్తున్న నిశ్శబ్ద సేవ అని గుర్తించడం లేదు. ఒక్క వాయిదాతో వచ్చే పాఠకులు ఏడు వారోత్సవాలు చేసినా రారు.

వారోత్సవాల ఊపులో సభ్యత్వాలు పెంచాలని లైబ్రేరియన్ ఒక ఫారం పట్టుకుని చెట్టు కిందికి వచ్చాడు. రోజూ అందరికన్నా ముందొచ్చే కుర్రాణ్ణి, ‘‘నువ్వైనా మెంబరు కారాదా, పుస్తకాలు ఇంటికి తీస్కపోవచ్చు’’ అని బతిమాలాడు. వాడు లేచి నిలబడి, చాలా మర్యాదగా, ‘‘వద్దు సార్. వచ్చే శ్రావణానికంతా నేనీడ కనపడకూడదని మాయమ్మ ఉరుకుంద ఈరన్నకు మొక్కుకోనుండాది’’ అన్నాడు.

గ్రంథాలయం తరఫున ఈరన్నకు ఎవరూ ఇంకా మొక్కుకున్నట్టు లేదు.