బావ తీసుకున్న జాగ్రత్తలు

గుంటూరులో మా బావకో ట్రాలీ ఆటో ఉంది. సీజన్‌లో మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తోలుతుంది, మిగతా రోజుల్లో ఏ కిరాయి తగిలితే అది. ఓ సాయంత్రం డ్రైవరు కుర్రాడు బెజవాడలో సరుకు దించి ఖాళీగా వస్తూ, దారిలో చెయ్యెత్తినవాణ్ని ఎక్కించుకున్నాడు. వాడి సంచిలో గంజాయి. కాజ టోల్‌గేటు దగ్గర తనిఖీలో సంచి దొరికింది, మనిషి దొరికాడు, వాళ్లతో పాటు బండీ దొరికింది.

మర్నాడు బావ స్టేషన్‌కు పరిగెత్తి "ఆ బండి నాదండీ!" అన్నాడు. అలాంటి చోట అంత గట్టిగా చెప్పాల్సిన మాట కాదది.

ప్లీడరు గారి దగ్గరకు నేనూ, అక్కా తోడు వెళ్లాం. 1985 నాటి మత్తుమందుల చట్టం 60వ సెక్షన్ కింద సరుకు మోసిన బండిని కోర్టు జప్తు చేయవచ్చట. యజమానికీ, బండి నడిపినవాడికీ తెలియకుండా జరిగిందనీ, ఇద్దరూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారనీ యజమాని రుజువు చేసుకుంటే తప్ప.

"అంటే మీకేమీ తెలియదని చూపించాలండీ" అన్నారాయన.

"చూపించేదేముంది? చూస్తే తెలియడం లేదూ?" అంది అక్క. "సాక్ష్యానికి నేనొస్తానండీ. పిల్ల ఏం చదువుతోందో అడగండి ఈయన్ని."

"ఇంటర్" అన్నాడు బావ.

"డిగ్రీ రెండో ఏడు."

ప్లీడరు గారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. "మరి జాగ్రత్తలేం తీసుకున్నారు?"

"శనివారం శనివారం నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టిస్తానండీ."

"అది దిష్టికండీ."

అదంతా విచారణ చివర్లో తేలే సంగతి. కేసు తేలేదాకా బండిని తాత్కాలికంగా ఇమ్మని పిటిషన్ వేయాలి. అస్సాంలో ఒక ట్రక్కు ఎక్కిన ప్రయాణికుడు సబ్బు పెట్టెల్లో హెరాయిన్ పెట్టుకుని దొరికితే ట్రక్కును పట్టుకున్నారు. ఆ కేసులో, బండిని మధ్యలో విడుదల చేయకూడదని ఈ చట్టంలో ఎక్కడా లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది విన్నప్పటి నుంచి ఆ ట్రక్కు యజమాని బావకు దగ్గరి చుట్టమైపోయాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆయన కష్టం చెప్పి, తర్వాతే తన కష్టం చెప్పేవాడు.

స్టేషన్ ఆవరణలో మా బండి మీదికి ఏదో తీగ పాకింది. ట్రాలీలో ఓ కుక్క ఈనింది. పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పిందట. ఆ తీర్పు కుక్కకెవరు చెప్తారు? ఫైనాన్స్ వాళ్లు మాత్రం వాయిదా మరిచిపోలేదు. "బండి భద్రమే కదా సార్?" అని ఫోన్ చేస్తే, "పోలీసులే కాపలా ఉన్నారండీ" అనేవాడు బావ. అబద్ధం కాదు.

చివరికి కోర్టు ఇచ్చింది. బాండు రాయాలి, పూచీకత్తు ఇవ్వాలి, ఫొటోలు తీయించాలి. అమ్మకూడదు, రూపం మార్చకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి. పూచీ నాది. బావమరిదిని కదా, తప్పుతుందా! బ్యాటరీ చచ్చిపోవడంతో ఇంకో ఆటోకు తాడు కట్టి లాక్కొచ్చాం.

అప్పటినుంచి బావ సొట్ట తీయించడు, రంగు వేయించడు. తీగ పీకుతుంటే కూడా "ఫొటోలో ఉందేమోరా, ఆగు" అన్నాడు. సంచి విప్పి చూపించందే ఎవర్నీ బండెక్కనివ్వడు. మొన్న తెనాలి నుంచి మా పిన్ని బియ్యం బస్తాతో, గోంగూర జాడీతో దిగింది. బావ బస్తా మూతి విప్పించి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. తర్వాత జాడీలో అడుగు తగిలేదాకా గరిటె దింపి కలిపాడు.

"ఈసారి కారం తక్కువేశావు పిన్నీ. ఉప్పు కూడా పాతది కాదు, పొట్లం ఉప్పు" అన్నాడు.

పిన్ని తెల్లబోయింది. అక్క నన్ను పక్కకు లాగింది.

"ఒరేయ్, ఈయనకిప్పుడు అన్నీ తెలిసిపోతున్నాయి. కేసు పాడవుతుందేమో, ప్లీడరు గారికి ఫోన్ చెయ్యి."