క్లయింటు మానేసేది ఆరో వారంలో, మనకు తెలిసేది మూడో నెలలో

మొన్న మా జిమ్‌లో కొత్తగా చేరిన ట్రైనర్ కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. "అన్నా, మూడు నెలల ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు ఒక్కళ్ళూ రెన్యువల్ చేయట్లేదు. ఎలా మాట్లాడితే తీసుకుంటారో ఒక్క ముక్క చెప్పన్నా" అన్నాడు. ఆ ముక్కేదో నాకే తెలిసుంటే పన్నెండేళ్ళుగా తెల్లవారకుండా లేచి షట్టర్ ఎత్తే పని నాకెందుకు? అప్పటికి నవ్వి ఊరుకున్నాను. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. అందుకే ఈ పోస్ట్. పొడుగవుతుంది, ముందే చెప్తున్నా.

వాడికి చెప్పకుండా ఓ వారం వాణ్ణే గమనించాను. క్లయింటు భుజాల మీద బార్ పెట్టుకుని స్క్వాట్ (కూర్చుని లేవడం) చేస్తున్నాడు. మనవాడు పక్కన నిలబడి "ఎయిట్... నైన్... కమాన్ సర్" అంటున్నాడు, కళ్ళు మాత్రం ఫోన్‌లో ఉన్నాయి. ఆ సర్ అప్పటికే పదకొండు చేశాడు. ఎడమ మడమ నేల మీంచి లేస్తోంది, మోకాలు లోపలికి వాలుతోంది. బార్ స్టాండ్ మీద పెట్టేసి, అద్దంలోంచి మనవాడి వంక ఒక్క చూపు చూశాడు. ఏమీ అనలేదు. టవల్ భుజాన వేసుకుని నీళ్ళ దగ్గరకు వెళ్ళాడు. నన్నడిగితే రెన్యువల్ ఆ నిమిషంలోనే సగం పోయింది. మూడో నెలాఖరున కూర్చోబెట్టి ఎంత తీయగా మాట్లాడినా, ఎంత డిస్కౌంట్ ఇస్తానన్నా, ఆయనకు గుర్తొచ్చేది ఆ ఫోనే.

డబ్బు కట్టినవాళ్ళు జిమ్‌కు ఎంత వస్తారన్న సంగతి మీద 2006లో డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాసిన పేపర్ ఒకటుంది. అమెరికాలో మూడు జిమ్‌ల హాజరు రికార్డులు తిరగేశారు. నెలవారీ సభ్యత్వం తీసుకున్నవాళ్ళు ఎంత తక్కువ వచ్చారంటే, వచ్చిన రోజుకు ఇంత అని కట్టుకున్నా వాళ్ళకు చవకయ్యేది. దానికంటే నన్ను ఆపేసింది ఇంకోటి: చివరిసారి వచ్చిన రోజుకూ, సభ్యత్వం రద్దు చేసుకున్న రోజుకూ మధ్య సగటున రెండు నెలలకు పైనే గడిచింది. అంటే మనిషి ఎప్పుడో మానేశాడు, కాగితం మీద పేరు మాత్రం మిగిలింది.

జిమ్ యజమానికి ఇందులో నష్టం లేదు. డబ్బు కట్టి రానివాడు మెషిన్లు అరగదీయడు, ఏసీ వాడుకోడు. కానీ పర్సనల్ ట్రైనర్ లెక్క వేరు. మనకు అన్నం పెట్టేది వచ్చే మనిషి. వచ్చినవాడి ఒంట్లోనే మార్పు కనిపిస్తుంది, వాడే ఇంకొకరిని వెంటబెట్టుకొస్తాడు. అలాంటిది మనం అమ్మకం నేర్చుకున్నది మాత్రం జిమ్‌ల దగ్గరే. "ఈ రోజే కడితే ఆఫర్, రేపుండదు" అనడం, ఏడాదికి ఒకేసారి లాగడం, ఆ తర్వాత మర్చిపోవడం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మండే హక్కు నాకూ పెద్దగా లేదు లెండి. మొదట్లో నేనూ అలాగే అమ్మాను. యాభై దాటిన మేడమ్ ఒకావిడ వచ్చారు. ఫారమ్ నింపుతూ ఏం కావాలని అడిగితే, "నేల మీద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోకుండా లేవలేకపోతున్నాను బాబూ" అన్నారు. రాసుకున్నాను. ఏడాది ప్యాకేజీ అమ్మాను. ఆ నెల టార్గెట్ దాటినందుకు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆవిడకు నేను చేయించింది అందరికీ చేయించే షీటే. ట్రెడ్‌మిల్, మెషిన్లు, వారానికోసారి బరువు. ఒక్కరోజు కూడా నేల మీద కూర్చోబెట్టి లేపలేదు. ఆరో వారంలో రావడం మానేశారు. నేను పంపింది "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అని అందరికీ కొట్టే మెసేజ్. కొన్నాళ్ళకు లాకర్లో బూట్లు తీసుకెళ్ళడానికి వచ్చి, "ఏం లేదు బాబూ, వీలు పడట్లేదు" అన్నారు. డబ్బు తిరిగివ్వం అన్నది అప్పటి రూలు. ఆవిడ అడగనూ లేదు. ఆవిడ వెళ్ళాక ఫారమ్ తీసి చూశాను. నేల మీంచి లేవడం అన్న మాట నా చేతిరాతలోనే ఉంది.

ఇంతకీ చేరిన రోజు నుంచి ఆరో వారం దాకా ఏం జరుగుతుంది? మొదటి రోజుల్లో ఒళ్ళు నొప్పులు, కొత్త ఉత్సాహంలో అదీ బాగానే ఉంటుంది. తర్వాత బలం గబగబా పెరుగుతుంది, ఎందుకంటే ముందు నేర్చుకునేది నరాలు. కండ కంటికి కనబడేలా పెరగడానికి వారాలు పడుతుంది. బరువు చూసే మెషిన్ అయితే ఒక్కోసారి పైకే పోతుంది. వ్యాయామం మొదలెట్టాక కండరాలు గ్లైకోజన్ (శక్తి కోసం దాచుకునే పిండి పదార్థం) ఎక్కువ దాచుకుంటాయి, గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. క్లయింటుకు ఇదేం తెలుసు? నెల రోజులు చెమటోడ్చి మెషిన్ ఎక్కితే ముల్లు కదల్లేదు. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే, "అవును, ట్రైనర్ ముందే అన్నాడు" అనుకుంటాడు. నాలుగో వారంలో చెబితే నువ్వు సాకు చెప్తున్నావనే అనుకుంటాడు, అందులో వాడి తప్పేమీ లేదు.

అందుకే నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. యాప్ కాదు, కాగితం నోట్‌బుక్, ఒక్కో క్లయింటుకు ఒకటి. తేదీ, ఎత్తిన బరువు, రెప్స్ (ఎన్నిసార్లు చేశారో), పక్కన ఒక్క వాక్యం: "రాత్రి సరిగా నిద్ర లేదన్నారు", "మెట్లెక్కితే మోకాలు నొప్పి లేదన్నారు". నాలుగు వారాలకోసారి ఇద్దరం కూర్చుని మొదటి పేజీ తిప్పుతాం. మొదటి రోజు బెంచీ మీద కూర్చుని లేస్తూ ఆరు కిలోల డంబెల్‌తో ఎనిమిది. ఇవాళ బెంచీ లేకుండా పదహారు కిలోలతో పది. ఈ రెండు లైన్లు చూపించి నోరు మూసుకుంటే చాలు. "మరి తర్వాతేంటి?" అని వాళ్ళే అడుగుతారు.

పొడుగు ప్యాకేజీ మాట ఎత్తాల్సింది అప్పుడే. మొదటి రోజు కాదు, గడువు ముగిసే రోజు అసలే కాదు. నెలల లెక్క కూడా వాళ్ళకు కావలసిన పనిలోంచే రావాలి. పుల్-అప్ (బార్‌కు వేలాడి ఒంటిని పైకి లాగడం) ఒక్కటైనా చేయాలని ఒకాయన వచ్చాడనుకోండి. బార్ పట్టుకుని పది సెకన్లు వేలాడలేకపోతున్నాడు. ముందు వేలాడటం, తర్వాత రోయింగ్ (బరువును ఒంటి వైపు లాగడం), తర్వాత స్టూల్ ఎక్కి పైనుంచి మెల్లగా దిగడం, తర్వాత సాగే రబ్బరు బ్యాండ్ సాయంతో. ఇవన్నీ కాగితం మీద పెడితే ఆర్నెల్లన్నది దానంతటదే తేలుతుంది. మూడు నెలల్లో అయిపోతుందని చెప్పి అమ్మితే మూడో నెలాఖరున అబద్ధాలకోరువు అవుతావు.

ఇంకో మాట. 21 రోజుల్లో అలవాటైపోతుందని ప్రతి రీల్‌లోనూ వాయిస్తుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ. కొందరికి 18, కొందరికి లెక్క ప్రకారం 254 దాకా. నెల ప్యాకేజీ అమ్మి "నిలవట్లేదన్నా" అని ఏడిస్తే ఎలా? అలవాటు పడకముందే గడువైపోతోంది. కాబట్టి పొడుగు ప్యాకేజీ అమ్మడం మోసమేమీ కాదు, అమ్మి వదిలేయడమే మోసం.

డిస్కౌంట్ గురించి ఎక్కువ చెప్పను. సెషన్ రేటు ఒకసారి దించితే మళ్ళీ ఎక్కదు. దాని బదులు వెసులుబాటు ఇవ్వండి. జ్వరమొస్తే, ఊరెళ్తే రోజులు ఆపుకునే వీలు, వాయిదాల్లో కట్టే వీలు, మధ్యలో మానేస్తే మిగిలిన సెషన్ల డబ్బు సంగతేంటో ముందే కాగితం మీద. వారానికి మూడు రోజులు కట్టలేనన్న క్లయింటును రెండు రోజులకు మార్చడం చాలామంది ట్రైనర్లకు నామోషీ. పెద్దవాళ్ళకు వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. రెండు రోజులతో ఐదేళ్ళుగా నడుస్తున్న క్లయింట్లు నాకున్నారు. మూడు రోజులే కావాలని పట్టుబట్టి ఉంటే ఎప్పుడో పోయేవాళ్ళు.

సెషన్ తప్పితే అదే రోజు ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. "ఎందుకు రాలేదు" అని కాకుండా "అంతా బాగానే ఉందా" అని. వరసగా రెండు తప్పితే నాకు టెన్షన్ మొదలవుతుంది, మూడోది తప్పేదాకా ఆగను.

కొందరు ట్రైనర్లు ప్లాన్ దాచిపెడతారు, నేర్పేస్తే క్లయింటు సొంతంగా చేసుకుని వెళ్ళిపోతాడని భయం. నేను చూసింది దానికి పూర్తిగా రివర్స్. నా దగ్గర ఎక్కువ కాలం ఉన్నవాళ్ళంతా అన్నీ నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళు నేర్చుకోవడానికి రావట్లేదు, వాళ్ళ కోసం ఆ గంట ఒకడు కాచుకుని ఉంటాడని వస్తున్నారు. ఇవన్నీ చేసినా వెళ్ళేవాళ్ళు ఉంటారు. బదిలీలు, పిల్లలు, డబ్బు. నోట్‌బుక్ చేతికిచ్చి పంపించేయడమే.

మా కుర్రాడికి ఈ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఒక కొత్త నోట్‌బుక్ ఇచ్చి, ఫోన్ లాకర్లో పెట్టమన్నాను. "మరి అమ్మేటప్పుడు ఏం చెప్పాలన్నా?" అన్నాడు మళ్ళీ. నిన్న సాయంత్రం ఆ సర్ మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టి స్క్వాట్ చేయిస్తున్నాడు. ఆయన బార్ పెట్టేసి "పన్నెండు" అన్నాడు. "కాదు సర్, పదకొండే. చివరిది సగమే దిగారు" అన్నాడు మనవాడు. ఆయన అద్దంలోంచి వాడి వంక చూసి, నవ్వి, మళ్ళీ బార్ కిందకు దూరాడు.