ఓఎంఆర్ షీటు గారికి, డ్రాయింగ్ పీరియడ్ పోగొట్టుకున్న మాస్టారు రాయునది

సరైన జవాబు గుండ్రం దిద్దితే మిషను చదివి మార్కులేసే షీటు గారూ, నమస్కారం. మిమ్మల్ని మడవకూడదు, తడపకూడదు, మీ మీద పిచ్చిగీతలు గీయకూడదు అని పదిసార్లు చెప్పారు కాబట్టి ఈ ఉత్తరం వేరే కాగితం మీద రాస్తున్నాను.

మొన్న పరీక్షలో మా ఏడో తరగతి గుంటడొకడు మీ పదహారో ప్రశ్న దగ్గరున్న నాలుగు గుండ్రాలకీ తలలు, కాళ్లు, చేతులు తగిలించేశాడు. ఏట్రా ఇది అంటే, "తప్పెటగుళ్లు సార్, మా తాతోల దళం" అన్నాడు. చూస్తే నిజమే, రేకు గుండుని గుండెల మీద కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ గెంతుతున్న నలుగురు మనుషులు, ఒకడి కాలైతే పదిహేడో ప్రశ్నలోకి వెళ్లిపోయింది. మీరు సున్నా వేశారు. ఒకటికంటే ఎక్కువ దిద్దాడట.

ఒకటికంటే ఎక్కువ! చేతులు, కాళ్లు, తల, అన్నిటితో ఒకేసారి ఐదు తాళాలు వేసిన ఆదిభట్ల నారాయణదాసు గారిని 1919లో సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టింది మా విజయనగరం అండి. మీ లెక్కన ఆయనకి ఐదు సున్నాలు. ఘంటసాల గారు చేతిలో డబ్బుల్లేకుండా ఇక్కడికొచ్చి, జోలె పట్టుకుని మధుకరం తెచ్చుకు తిని పాట నేర్చుకున్నారు. అప్పుడు మీరుండుంటే ముందు లెక్కల రెమెడియల్ క్లాసుకి పంపేవారు.

ఆ రెమెడియల్ గురించే అసలు నా గొడవ. మీ దగ్గర మార్కులు తక్కువొచ్చినవాళ్లకి ఆ క్లాసు పెట్టేది ఎప్పుడు? డ్రాయింగ్ పీరియడ్‌లో. ఆ ఒక్క పీరియడ్ కోసం బడికొచ్చేవాడికే అది పోతుంది. టౌన్‌లో మా తోడల్లుడి కూతురు సాయంత్రాలు ఫీజు కట్టి వీణ నేర్చుకుంటోంది (బొబ్బిలి వీణే, పనస చెక్కది), దాని జోలికి మీరు వెళ్లరు. మా గుంటడి నాన్న విజయవాడలో తాపీ పనికి వలసెళ్లాడు, తాతకి మోకాళ్లు పోయాయి, ఇక వాడికి మిగిలింది బడే.

చట్టం లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైమ్ మాస్టారు ఉండాలని రాశారు, పిల్లలు వంద దాటితేనే. మా బళ్లో అరవై ఒక్కరు. 2020 విద్యావిధానం కళలకీ సైన్సుకీ మధ్య గోడ ఉండకూడదంది. చాలా సంతోషం, కానీ పదో తరగతి 600 మార్కుల్లో బొమ్మకి ఒక్క మార్కూ లేకపోతే ఆ గోడ ఎవడు కూలగొడతాడు? సైన్సు నేను చెబుతాను, డ్రాయింగూ నేనే, అందుకే ఏది వదిలేయాలో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. వదిలేశాను కూడా, అబద్ధమెందుకు.

రేపు శుక్రవారం, ఆఖరి పీరియడ్ డ్రాయింగ్ అని టైమ్‌టేబుల్లో ఇంకా ఉంది. మీరొస్తారని తెలుసు. వచ్చేటప్పుడు ఓ యాభై ఎక్కువ రండి, మీ వెనకవైపు తెల్లగా ఉంటుంది, మా పిల్లలకి బొమ్మల కాగితం అయిపోయింది.