గొంతున్న హాస్యగాడు: సింహాద్రిపురం పద్మనాభం

తెలుగు సినిమా పద్మనాభాన్ని రెండే రెండు సంగతులతో గుర్తుపెట్టుకుంది. ‘పాతాళభైరవి’లో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు ఆయనే అన్నది మొదటిది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమా పాట ఆయన నిర్మించిన చిత్రంలోదే అన్నది రెండోది. రెండూ నిజాలే. అయితే పాటను పట్టుకుని హాస్యంలోకి వచ్చి, ఆ హాస్యంలో తన గొంతుకు చోటు తగ్గుతూ వస్తుంటే సొంత డబ్బు పెట్టి మరీ ఆ చోటును వెతుక్కున్న కళాకారుడు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. సొంత జిల్లాలోనూ రాలేదనడానికి కడపవాడిగా నాకు సంకోచం లేదు.

బసవరాజు వెంకట పద్మనాభరావు 1931 ఆగస్టు 20న పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో పుట్టారు. ఆ రోజుల్లో ఇటువైపు పల్లెలకు వినోదమంటే టూరింగ్ టాకీసు, హరికథ, తిరునాళ్లలో రాత్రంతా సాగే పద్యనాటకం. సినిమాల్లో విన్న పాటలనూ పద్యాలనూ అభినయంతో సహా పాడి చూపడం ఆయనకు చిన్ననాడే అబ్బింది. అది వట్టి పిల్లచేష్ట అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఆ నేలలోనే ఆ విద్య ఉంది. కుటుంబాలే బృందాలుగా ఆడే సురభి నాటకం 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలోనే పుట్టింది, అందులో పాడలేని నటుడికి చోటు దొరకడం కష్టం. మరోవైపు 1880లో తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ, పద్యానికి రాగాలు తీసి తీసి నటనను మింగేయడం తగదని జీవితమంతా వాదించారు. రాగం ముఖ్యమా, నటన ముఖ్యమా అన్న ఈ తగవుకు రెండు కొసలూ రాయలసీమలోనే ఉన్నాయి. పద్మనాభం లాంటి హాస్యనటుడు సరిగ్గా వాటి నడుమ తయారయ్యాడని నా అభిప్రాయం.

అదెలాగో చెప్పాలంటే ఒక రాత్రి నాటకం గురించి చెప్పాలి. రెండేళ్ల కిందట శివరాత్రికి పులివెందుల దగ్గరి ఒక పల్లెలో హరిశ్చంద్ర నాటకం చూశాను. హరిశ్చంద్రుడు పద్యం చివరి పాదం అందుకుని ఆలాపన మొదలుపెట్టాడు, ఆపడం లేదు. అప్పు వసూలుకు వెంటపడుతున్న నక్షత్రకుడు కాసేపు నిలబడి చూశాడు, తర్వాత గొంతుక్కూర్చున్నాడు, చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. చివరకు లేచి, రాజుగారు వదిలిన స్వరం దగ్గరే అందుకుని, అదే ఆలాపనను ఒక్క మెట్టు పక్కకు జరిపి, ఏడుపుకూ రాగానికీ మధ్యలో ఎక్కడో వదిలేశాడు. హార్మోనిస్టు కావాలనే ఆ తప్పు స్వరాన్ని వెంటాడుతూ పోయాడు. జనం పడిపడి నవ్వారు, వన్స్‌మోర్ కొట్టారు. అంత కచ్చితంగా అపశ్రుతి పలకాలంటే శ్రుతి ఎక్కడుందో గొంతుకు తెలియాలి. ఎంతసేపు ఆగి అందుకోవాలో, ఏ అక్షరం మీద తుంచాలో తాళజ్ఞానం చెబుతుంది. పద్యనాటకంలో హాస్యపాత్రకు గాత్రం ఉండాలనే నియమం ఇందుకే పుట్టింది. ఆ రాత్రి నక్షత్రకుడికి అరవై దాటి ఉంటాయి. పక్కన వేషాలు కట్టిన కుర్రాళ్లలో ఆ పాత్రకు తయారవుతున్నవాడు ఒక్కడూ లేడని హార్మోనిస్టే తర్వాత చెప్పాడు. గొంతు తగ్గినచోట ఈ పాత్రలు బూతు మీద బతకడం అలవాటు చేసుకున్నాయి. ‘చింతామణి’ నాటకంలోని హాస్యపాత్ర సుబ్బిశెట్టిని అలాగే లాగి లాగి, 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శననే నిషేధించే దాకా తెచ్చారు. ఒక కులాన్ని కించపరుస్తున్నారన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు.

పద్మనాభం మద్రాసు చేరింది ఈ సంస్కారంతోనే. నటి కన్నాంబ, దర్శక నిర్మాత కడారు నాగభూషణం దంపతుల ఆదరణ దొరికింది, 1945లో ‘మాయాలోకం’తో తెరమీదికి వచ్చారు. 1951లో ‘పాతాళభైరవి’. ఆ సినిమా నిర్మాతల్లో బి. నాగిరెడ్డిది కడప జిల్లా, దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి, సదాజపుడిది సింహాద్రిపురం. ఈ ముగ్గురినీ కలిపి సీమవాళ్లం గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, చూడాల్సింది ఆ పాత్రను ఆయన నడిపిన తీరు. ఎస్వీ రంగారావు లాంటి నిండైన విగ్రహం, నింపాదిగా బరువుగా పడే మాట ఒకవైపు ఉంటే, పక్కన ఈ పొట్టి మనిషి సన్నని గొంతుతో, త్వరత్వరగా, మాట కొసను పైకి ఎత్తి వదులుతుంటాడు. సంగీతంలో నెమ్మది నడకైన విలంబితం పక్కన వేగపు నడకైన ద్రుతం నడిచినట్టుంటుంది. ఆయన హాస్యం తాలూకు కిటుకు సంభాషణలో కన్నా ఈ నడకలోనే ఉంది. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో రేలంగితో కలిసి ప్రహ్లాదుడి గురువులైన చండామార్కులుగా వేసినప్పుడు కూడా, ఇద్దరూ ఒకరి మాట కొసను మరొకరు అందుకునే పద్ధతి జంటగాత్రాన్ని గుర్తుకు తెస్తుంది.

రేలంగి పేరు వచ్చింది కాబట్టి ఒక తేడా చెప్పుకోవాలి. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో రేలంగి తన పాటలు తానే పాడుకున్నారు. ఆ తరానికి అది వింతేమీ కాదు. ఆ తర్వాత నేపథ్యగానం స్థిరపడి, హాస్యపాటలకు మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు లాంటి ప్రత్యేక గాయకులు వచ్చారు. వాళ్లు గొప్ప గాయకులు, సందేహం లేదు. కానీ పద్యం పాడుతూ పెరిగిన పద్మనాభం, తెరమీద పెదవులు కదిపే మనిషిగా మిగలాల్సి వచ్చింది. ఆయన పాటల్లో పిఠాపురం గొంతే తరచుగా వినిపిస్తుంది. దాంతోపాటు ఇంకొకటి జరిగింది. హాస్యనటుడికి కథలో భాగంగా ఉండే చోటు పోయి, నాయకుడి పక్కన నాలుగు సీన్లు, ఒక డ్యూయెట్టు కేటాయించే పద్ధతి వచ్చింది. పద్మనాభం లాంటివాడికి ఆ కొలత సరిపోలేదు.

రేఖా అండ్ మురళి ఆర్ట్స్ పేరిట ఆయన నిర్మాణంలోకి దిగడాన్ని ఈ వెలుగులో చూడాలి. డబ్బు సంపాదించిన ప్రతి నటుడికీ నిర్మాత కావాలనే దురద ఉంటుందని కొట్టిపారేసేవారున్నారు. కానీ ఆయన ఎంచుకున్న సినిమాల వరుస వేరే మాట చెబుతుంది. 1965లో ఎన్టీఆర్, సావిత్రి నాయకానాయికలుగా ‘దేవత’ తీసి నిలదొక్కుకోగానే, 1966లో తన పొట్టితనాన్నే పేరులో పెట్టుకుని ‘పొట్టి ప్లీడరు’ తీశారు. 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’, 1971లో ‘జాతకరత్న మిడతంభొట్లు’. రామన్న, మిడతంభొట్లు ఇద్దరూ అవ్వలు చెప్పే కథల్లోని మనుషులు, తెలివితోనో అదృష్టంతోనో గట్టెక్కే సామాన్యులు. హాస్యనటుడు పక్కవాడు కాకుండా కథను తానే మోసే వేషాలివి. వీటన్నిటికీ ఎస్.పి. కోదండపాణి సంగీతం నడుం కట్టింది. ఈ సినిమాలన్నీ గొప్పవని నేననను. రెండున్నర గంటల పాటు హాస్యాన్ని ఒక్కడే మోసేటప్పుడు ఆయన ద్రుతమే ఆయనకు అడ్డుపడింది, విరామం లేని వేగం కొంతసేపటికి విసుగు తెప్పిస్తుంది.

తాను కథానాయకుడు కాని చోట మాత్రం దర్శకుడిగా నిగ్రహం చూపారు. 1970లో వాణిశ్రీ నాయికగా తీసిన ‘కథానాయిక మొల్ల’కు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తమ చిత్రంగా బంగారు నంది ఇచ్చింది. మొల్లది మా బద్వేలు దగ్గరి గోపవరమని ఇక్కడివారి నమ్మకం, పండితుల్లో వాదం ఉన్నా సరే. పాండిత్యం తనకు లేదని చెప్పుకుంటూనే రామాయణం రాసిన కుమ్మరి ఆడబిడ్డ కథను, నవ్వించడమే పనిగా పెట్టుకున్న మనిషి ఎందుకు తలకెత్తుకున్నాడన్న ప్రశ్న విమర్శకులు వేసుకోవాల్సింది. లోకం ఒక మెట్టు మీద కూర్చోబెట్టినవారు ఆ మెట్టు దాటడమే ఆ కథలోనూ విషయం కదా.

ఇక 1966 డిసెంబరు 15. ‘మర్యాద రామన్న’ కోసం రికార్డయిన ఒక పాటలో పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యలతో పాటు ఇరవై ఏళ్ల బాలసుబ్రహ్మణ్యం పాడారు. అవకాశం ఇచ్చింది కోదండపాణి, ఒప్పుకుని ఖర్చు భరించింది పద్మనాభం. ఆ కృతజ్ఞతకు గుర్తుగా తర్వాతి కాలంలో బాలు తన రికార్డింగ్ థియేటరుకు కోదండపాణి పేరు పెట్టుకున్నారు, న్యాయమే. నన్ను ఆలోచింపజేసేది మరొకటి. బాలు ఎవరికి పాడితే వారి గొంతే అనిపించేలా పలుకు మార్చగల గాయకుడు. అల్లు రామలింగయ్యకు, రాజబాబుకు ఆయన పాడిన పాటలు వింటే హాస్యనటుడి దగ్గు, నసుగుడు, విరుపు కూడా గాయకుడే పలికిస్తాడు. ఇక హాస్యనటుడికి సొంత గొంతు ఉండాల్సిన అవసరమే లేకుండా పోయింది. పాడే హాస్యగాడి పరంపరలో పెరిగినవాడే, ఆ పరంపర అక్కరే లేకుండా చేసిన గాయకుడికి తెలియకుండా తలుపు తీశాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

డెబ్బైల్లో రాజబాబు హవా మొదలయ్యాక పద్మనాభానికి వేషాలు పలచబడ్డాయి, నిర్మాణం తెచ్చిపెట్టిన ఆర్థిక చిక్కులు చివరిదాకా వెంటాడాయి. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశారు. ఆయన తెరమీద కడప యాస మాట్లాడలేదన్న ఫిర్యాదు మావైపు అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఆనాటి సినిమా భాషలో సీమ యాసకు చోటు లేదు. 1997లో సిరివెళ్ల మనిషి జయప్రకాశ్‌రెడ్డి ‘ప్రేమించుకుందాం రా’లో ఆ యాసను నిండుగా వినిపించే దాకా చాలామంది సీమ నటులు దాన్ని ఊళ్లోనే వదిలి రైలెక్కినవారే. పద్మనాభం యాసను వదిలారు గానీ, నాటకం నేర్పిన ఆ తాళాన్ని వదల్లేదు.

ఆ 1966 పాట ఇప్పటికీ దొరుకుతుంది. పద్యనాటక రంగాన్ని ఏలిన రఘురామయ్య అందులో ఉన్నారు, రాబోయే యాభై ఏళ్లను ఏలబోయే కుర్రవాడూ ఉన్నాడు. సింహాద్రిపురంలో పద్యాలు పాడుకుంటూ బయల్దేరిన నిర్మాత గొంతు మాత్రం అందులో వినబడదు.