మా వల్ల కాదు, మీరే మారండి: ఐపీఏ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గారి సముఖానికి,

గాజువాక నుంచి సాల్వెంట్ (ద్రావకాల) స్టోర్సు గుమాస్తా నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఇప్పటిదాకా క్షేమం కాబట్టి ఇకముందు కూడా క్షేమమేనని మా పైవాళ్ళ గట్టి నమ్మకం. మిమ్మల్ని మేము ఐపీఏ అని ముద్దుగా పిలుచుకుంటాం. మందుల ఫ్యాక్టరీలకు మీరు డ్రమ్ముల్లో వస్తారు, ఆసుపత్రులకు దూది మీద, సెల్‌ఫోన్ రిపేరు కొట్లకు చిన్న సీసాలో.

మీతో ఎలా మసలుకోవాలో చెప్పే కాగితాలు మా దగ్గర దండిగా ఉన్నాయి. లామినేషన్ చేయించి గోడకు కొట్టాం. ఎండకి అక్షరాలు వెలిసిపోయినా లామినేషన్ మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది. అందులో రాసినట్టు నడుచుకోవడం మా వల్ల కాదని ఎప్పుడో తేలిపోయింది. ఇద్దరిలో ఎవరో ఒకరు మారాలి కదా. మీరు కెమిస్ట్రీ పుస్తకాల్లోంచి వచ్చినవారు, చదువూ సంస్కారం ఉన్నవారు. మీరే మారండి.

ముందుగా మీ పెంపకం గురించి. పక్క షెడ్డులోని సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను చూడండి. చుక్క పడితే చొక్కాకి కంత. గ్లవ్స్ లేకుండా దాని జోలికి ఎవడూ పోడు. అమ్మోనియా కాస్త బయటికొస్తే చాలు, అందరూ ముక్కు మూసుకుని పరుగో పరుగు. మీరేమో ఆసుపత్రి వాసన, మంచినీళ్ళ రంగు. చేతి మీద పడితే చల్లగా, హాయిగా ఉంటారు. ఇంత మర్యాదస్తులను చూసి ఎవరు భయపడతారండీ? అందుకే మిమ్మల్ని తాగునీళ్ళ సీసాలో పోసి కిటికీలో పెడుతున్నారు. సీసా మీద లేబుల్ కూడా నీళ్ళదే. దాహమేసినవాడు ఎత్తి గడగడా తాగితే తప్పెవరిది? కాస్త రంగు తెచ్చుకోండి.

ఇక మీ ఫ్లాష్ పాయింట్. 12 డిగ్రీలట! ద్రవం అంతకన్నా వెచ్చబడితే పైన లేచే ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలునట. విశాఖపట్నంలో 12 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి సార్? సంక్రాంతి ముందు రోజుల్లో మఫ్లర్ చుట్టుకుని ఆర్కే బీచ్‌లో వాకింగ్ చేసే పెద్దమనుషులకే అంత చలి అందదు. మీరు బుద్ధిగా ఉండాలంటే డిసెంబర్‌లో మిమ్మల్ని లంబసింగి తీసుకెళ్ళి, మంచు విడవకముందే పని ముగించుకుని రావాలి. మే నెలలో మా రేకుల షెడ్డు కింద మీ పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు. పేదవాడి కిరోసిన్ కూడా 35 డిగ్రీలు దాటితే గానీ ఆ స్థితికి రాదు. మీరూ ఒక 60 డిగ్రీలకు పెంచుకుంటే మా ఎండాకాలం గడిచిపోతుంది. పెట్రోలు ధర పెంచినంత సులువుగా పెంచొచ్చు, ఎవరూ అడగరు.

మీ ఆవిరి నడక కూడా మాకు సరిపడటం లేదు. గాలి కంటే రెండింతలు బరువట. మా ఎగ్జాస్ట్ ఫ్యాన్లేమో పైకప్పు కింద ఉన్నాయి, తాపీమేస్త్రి అక్కడే కంత వదిలాడు కనుక. మీరు పైకి రాకుండా నేల పట్టుకుని పాకి, కాలవలో దిగి, గోడ దాటి, టీ కాచుకునే స్టవ్వు దాకా పోయి, అక్కడ అంటుకుని వచ్చిన దారినే వెనక్కి వస్తారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఫార్మాసిటీ ఉన్న పరవాడ అనకాపల్లికి పోయింది, గాజువాక విశాఖలో ఉండిపోయింది. మీకు ఆ సరిహద్దు కూడా పట్టదు. మీరు ఒక్క లీటరు పూర్తిగా ఆవిరైతే 16 ఘనపు మీటర్ల గాలిని అంటుకునే గాలిగా మార్చగలరు. అది ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న మా రికార్డు రూముకు అచ్చంగా సరిపోతుంది. ఆ రూములో మీ లీటరు సీసాలు రెండున్నాయి. ఫైళ్ళ మీద మరకలు తుడవడానికి.

మీ మీద ఉన్నవన్నీ మీకే అంటగట్టను. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని మందుల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల వేళ జరిగింది మీ పని కాదు. అది ఈథర్ జాతి ద్రావకం. కారింది, ఆవిరై కమ్ముకుంది, పేలింది. 17 మంది పోయారు. ఇంటిపేరు వేరైనా పద్ధతి మీదే. ఆ వారం మా ప్లాంటులో పైపులు కలిసే ప్రతి ఫ్లాంజి దగ్గరా ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని వంగి కనిపించారు. తర్వాత టార్చిలో బ్యాటరీలు క్యాంటీన్ టీవీ రిమోట్‌లోకి వెళ్ళాయి.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు మీ ఖాళీ డ్రమ్ముల గురించి. నిండు డ్రమ్మంటే మావాళ్ళకు కాస్త గౌరవం ఉంది, ఎందుకంటే దానికి ఖరీదు కట్టారు. ఖాళీ అయితే అది తుక్కు. కానీ ఖాళీ డ్రమ్మంటే మీ దృష్టిలో ఖాళీ కాదట! గాలిలో మీ ఆవిరి 2 శాతం కన్నా తక్కువైతే అంటుకోదు, 12 శాతం దాటినా అంటుకోదు. పెట్రోలు ట్యాంకులో ఆవిరి మామూలుగా మరీ చిక్కగా ఉండి ఆ పైగీత దాటేస్తుంది. అడుగున మీ చుక్కలు కాసిని మిగిలిన డ్రమ్ములో, మన ఊరి 25, 30 డిగ్రీల వేడికి, మీ ఆవిరి ఆరు నుంచి ఎనిమిది శాతం దగ్గర వచ్చి కూర్చుంటుంది. సరిగ్గా నట్టనడుమ! తూకం వేసి పెట్టినట్టు. అలాంటి డ్రమ్మును తుక్కువాడు కొనుక్కుపోతాడు. నీళ్ళ తొట్టె చేయడానికో, తందూరీ పొయ్యి చేయడానికో మూత దగ్గర గ్యాస్ కట్టర్ పెడతాడు. అప్పుడు ఎగిరేది మూతే కాదు.

ఇలాంటి పాత్రల మీద వెల్డింగ్, కటింగ్ చేసేముందు లోపల ఉన్నదంతా పోగొట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే రాశారు. చట్టం ఫ్యాక్టరీకి కదా, తుక్కు కొట్టుకు కాదు కదా అని మా స్టోర్సు మేనేజరు గారి వివరణ. డ్రమ్మును కడిగి, కంతలు కొట్టి అమ్మితే కిలోకి రేటు తగ్గుతుంది. కాబట్టి దయచేసి డ్రమ్ములోంచి పోయేటప్పుడు మీ ఆవిరిని కూడా వెంటబెట్టుకుని పొండి. అల్లుడు అత్తారింటి నుంచి వెళ్ళేటప్పుడు సామాను మర్చిపోయినట్టు ఇదేం అలవాటు?

ద్రవం పారేటప్పుడు పుట్టి రవ్వ విసిరే స్టాటిక్ కరెంటు సంగతికొస్తే, డ్రమ్ము నుంచి క్యానులోకి పోసేటప్పుడు రెండింటినీ తీగతో కలిపి ఎర్తింగ్ ఇవ్వాలన్నారు. మా దగ్గర క్లిప్పు ఉంది. రోజూ తగిలిస్తున్నాం కూడా, దట్టంగా పెయింటు వేసిన అంచుకి. పెయింటును గీరుకుని ఇనుముని పట్టుకోకపోతే క్లిప్పు ఉన్నా లేనట్టేనని చెప్పబోతే మా హెల్పర్ నవ్వాడు. “ఏటవుద్దండీ? ఎప్పట్నుంచో ఇలాగే పోస్తన్నాం, ఏటైనా అయిందేటి?” ఈ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు వచ్చిన రోజున వినడానికి ఎవరూ ఉండరు.

ఆయుధపూజ గురించి మీరు నొచ్చుకుని ఉంటారు. దసరాకి యంత్రాలకు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు మామూలే. పోయినసారి మీకు కూడా దిష్టి తీయాలని ఎవరికో భక్తి పుట్టింది. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, మీ డ్రమ్ముల వరస చుట్టూ ముమ్మారు తిప్పారు. పక్క గోడ మీద ‘నిప్పు నిషిద్ధం’ అని ఎర్ర అక్షరాలు. వద్దన్నందుకు నన్ను నాస్తికుడన్నారు. ఆ రోజు మీరు ఎందుకు ఊరుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గాలి సముద్రం వైపు నుంచి గట్టిగా వీస్తోంది, బహుశా అదే అయ్యుంటుంది. పుణ్యమంతా గుమ్మడికాయ ఖాతాలో పడింది.

జగదాంబ సెంటర్ చుట్టుపక్కల రిపేరు కొట్లలోని కుర్రాళ్ళ గురించి ఎక్కువ రాయను. వాళ్ళు మిమ్మల్ని బ్రష్షుతో బోర్డుకి పూసి, ఆరేదాకా ఓపిక లేక పక్కనే హాట్ ఎయిర్ గన్ ఆన్ చేస్తారు. మీరు రవ్వ లేకుండానే దాదాపు 400 డిగ్రీల దగ్గర మీ అంతట మీరే అంటుకుంటారు. ఆ గన్ను వాళ్ళు తిప్పి పెట్టే అంకె కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లు చర్మం మీద స్పిరిట్ రాశాక కనీసం మూడు నిమిషాలు ఆరనిచ్చి గానీ కరెంటుతో కాల్చే కాటరీ ముట్టుకోకూడదు, గుడ్డల కింద మడుగు కట్టకూడదు. రోగికి ఆ మూడు నిమిషాలు దొరుకుతాయి. కస్టమర్ మాత్రం ‘అయిందా, అయిందా’ అని నెత్తి మీద నిలబడి ఉంటాడు.

మీ తమ్ముడు మిథనాల్‌కి కూడా ఒక మాట చెప్పండి. మీ మంట కనీసం పసుపుగా కనబడుతుంది. ఆయన మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు, కడుపులోకి పోతే కళ్ళే పోతాయి. ఇంట్లో ఇలాంటివాణ్ణి పెట్టుకుని ఇద్దరూ ఇంచుమించు ఒకే వాసన, ఒకే రంగులో తిరగడం ఏం పద్ధతి?

పొరపాటున మీరు అంటుకుంటే ఏం చేస్తామని అడుగుతారేమో. మా దగ్గర మంటలార్పే నురగ, అదే ఫోమ్, ఉంది. మామూలు ఫోమ్ మీ మీద పడితే విరిగిపోతుందని, ఆల్కహాల్‌ని తట్టుకునే రకం వేరే ఉంటుందని ఇండెంటు పెట్టాం. ఫైలు కదులుతోంది. ఎర్ర బకెట్లలో ఇసుక ఉంది. బీడీ ముక్కలు ఆర్పడానికి షెడ్డులో అంతకన్నా సురక్షితమైన చోటు లేదని మావాళ్ళు వాటినే వాడుతున్నారు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు బకెట్లకు కొత్త రంగు వేసి, ప్రతిజ్ఞ చేసి, జేబుకి బ్యాడ్జీ పెట్టుకుని, లడ్డు తింటాం. ఆ ఒక్క రోజు మీరు ఎలా ప్రవర్తించినా పర్వాలేదు, అందరం మెలకువగానే ఉంటాం.

ఈ అర్జీకి జవాబు రాయదలిస్తే స్టోర్సు చిరునామాకే రాయండి. మా సేఫ్టీ ఆఫీసరు గారికి పంపకండి. ఆయన చాలా మంచివారు గానీ క్యాంటీన్, షిఫ్టు బస్సులు, కాంట్రాక్టు లేబరు గేటు పాసులు కూడా ఆయనే చూసుకుంటారు. ఈ వారమైతే సాంబారులో ఉప్పు గురించి విచారణలో ఉన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
సాల్వెంట్ స్టోర్సు గుమాస్తా